పెద్దలు తప్పక రావలెను

జూలై 2, బుధవారం

ఇవాళ ఇద్దరు మగవాళ్లు వచ్చారు. పెళ్లాలు కింద మందుల అంగడి దగ్గర ఆగారేమో, మెట్లు ఎక్కలేక వెనకబడ్డారేమో అనుకొని తలుపు తీసిపెట్టి చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. "ఇంకా ఎవరైనా రావాలా?" అని అడిగాను. "లేదు మేడం, మేమే" అన్నాడు పొట్టి అబ్బాయి.

మేమే. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో నిమిషం పట్టింది. ఇరవై రెండేళ్లుగా ప్రొద్దుటూరులో మొగుడూ పెళ్లాల జగడాలు తీరుస్తున్నదాన్ని. తాగి వచ్చినవాళ్లను చూశాను, కొట్టుకొని వచ్చినవాళ్లను చూశాను, ఒకే ఇంట్లో పదకొండేళ్లు మాట్లాడుకోకుండా కాపురం చేసినవాళ్లను చూశాను. ఇది మాత్రం చూడలేదు. భువనేశ్వరి మేడంకు తెలియని కాపురం లేదని ఊళ్లో ఒక పేరుంది. అది ఇవాళ్టితో సరి.

పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో ఉన్నవాడు ఆదెన్న. వేంపల్లె దగ్గర పల్లె, గొర్రెలున్న ఇల్లు. తండ్రి లేడు. పులివెందుల పశువుల ఆస్పత్రిలో పని. పొట్టివాడు శ్రీవత్స. జమ్మలమడుగులో అర్చకుల కుటుంబం, అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. ఇద్దరూ ఆరేళ్లుగా ప్రొద్దుటూరులో ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరికి పులివెందుల, ఒకరికి జమ్మలమడుగు అయినప్పుడు మధ్యలో ఈ ఊరెందుకని అడిగాను.

"ఈడ మమ్మల్ని ఎరిగినోళ్లు ఎవురూ లేరు మేడం" అన్నాడు ఆదెన్న.

ఆ ఒక్క కారణానికి ఈ మనిషి రోజూ నాలుగు గంటలు బస్సులో కూర్చుంటున్నాడు. ఆరేళ్లుగా! మా ఆయన నాకోసం వీధి చివర కూరగాయల బండి దాకా కూడా... సరే. మా ఇంట్లో అంతా బాగానే ఉంది.

సంగతి ఏమిటంటే, ఆదెన్నకు వాళ్లమ్మ సంబంధం చూసింది. ఆషాఢం పోగానే ముహూర్తం పెట్టుకుంటారట. ఇతను ఇంట్లో అవునూ అనడు, కాదూ అనడు. శ్రీవత్స ఒకటే మాట మీద ఉన్నాడు. శ్రావణం వచ్చేలోగా నోరు విప్పకపోతే ఇల్లు ఖాళీ చేసి పోతాడు.

ఫారం తీశాను. నా ఫారంలో భర్త పేరుకు ఒక గడి, భార్య పేరుకు ఒక గడి. కలం పట్టుకొని ఆగిపోయాను. చివరికి పొడుగ్గా ఉన్నాడని ఆదెన్నను మొదటి గడిలో, శ్రీవత్సను రెండో గడిలో రాశాను. వాళ్లు చూడలేదనుకుంటాను.

జూలై 3

ఆయనకు చెప్పలేదు. కేసుల సంగతి ఇంట్లో చెప్పను, అది నా నియమం. ఆయన అడగరు కూడా.

జూలై 9, బుధవారం

రెండో సిట్టింగ్.

రామసుబ్బమ్మ, అంటే ఆదెన్న తల్లి, రెండు మూడు నెలలకోసారి వచ్చి పోతుందట. ఆమె వస్తుందని తెలియగానే శ్రీవత్స మంచం ముందు గదిలోకి పోతుంది, అతని బట్టలు పెట్టెలోకి పోతాయి. పోయినసారి ఆమె ఈ పిల్లోడు ఎవరని అడిగితే "ఊరికే తోడుకుండాడు" అన్నాడట ఆదెన్న. అదీ జగడం.

"ఆరేండ్లు ఊరికేనా మామా?" శ్రీవత్స గొంతు పెంచలేదు. "జ్వరమొస్తే తల పట్టింది ఊరికేనా?"

"అమ్మ ముందర ఇంకేమని చెప్పేది? నువ్వు మీ నాయనకు చెప్పి ఏం బాగుపడినావు? మూడేండ్లాయ, గడప తొక్కనిచ్చినాడా?"

మామూలుగా ఇలాంటి చోట నేను పైకి లేస్తాను. భర్తను కిందికి పోయి టీ తాగి రమ్మంటాను. భార్య పక్కన కూర్చొని చెయ్యి పట్టుకొని "కాస్త సర్దుకోమ్మా" అంటాను. ఇవాళ అలవాటుగా లేచాను. లేచి నిలబడ్డాక ఎవరిని కిందికి పంపాలో తెలియలేదు. ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు. నీళ్లు తాగడానికి లేచినట్టు నటించి కూజా దాకా పోయి వచ్చాను.

ఇరవై రెండేళ్ల నా వైద్యమంతా ఒకే ఒక్క మాట మీద నిలబడిందని ఆ కూజా దగ్గర తెలిసింది. సర్దుకో. దాన్ని ఎవరికి చెప్పాలో తెలియకపోతే నాకు ఏ పనీ రాదు.

ఏం మాట్లాడాలో తెలియక, మీ ఇంట్లో పనులు ఎవరెవరివి అని అడిగాను. శ్రీవత్స చెప్పాడు. "మాకు ఎవరూ చెప్పలేదు కదా మేడం, ఈ పని నీది, ఈ పని వానిది అని. మేమే కూర్చొని ఒక్కొక్కటీ మాట్లాడుకున్నాం. ఇప్పటికీ మాట్లాడుకుంటాండాం." బట్టలు ఆరేయడం దగ్గర్నుంచి, కోపం వచ్చినప్పుడు ముందు ఎవరు పలకరించాలనేదాకా! ఈసారి ఒకరు, పైసారి ఇంకొకరు. నేను నోరు తెరుచుకొని విన్నాను. మా అమ్మ నాకు చెప్పింది, వాళ్లమ్మ ఆమెకు చెప్పింది. మేమంతా ఎవరో కట్టిన ఇంట్లోకి పెట్టె పట్టుకొని నడిచాం. వీళ్లు గోడలు కూడా కట్టుకున్నారు.

పోయేటప్పుడు చీటీ చింపి ఆదెన్న చేతిలో పెట్టాను. మూడో సిట్టింగ్‌కు ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టడం నా పద్ధతి, అందుకని రెండో సిట్టింగ్ చివర చీటీ ఇస్తాను, భర్త చేతికే ఇస్తాను. పైన రెండు గడులు, వాటి కింద పెద్దలు తప్పక రావలెను అనే అచ్చు మాట, అడుగున పెద్దల వేలిముద్రలకు చోటు, నా గది చిరునామా. ఫారం మీద రాసింది కార్బన్ కాగితంతో చీటీ మీదికి దిగుతుంది. అతను చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లు మెట్లు దిగాక గానీ నేనేం ఇచ్చానో నాకు తోచలేదు.

జూలై 10

కడపలో మైమూన్‌కు ఫోన్ చేశాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు నాకంటే పెద్ద చదువు చదివింది. పేర్లు చెప్పకుండా కేసు చెప్పాను.

"అక్కా, నీకు తెలీదని ముందు వాళ్లకు చెప్పు. తెలిసినట్టు కూర్చోబాక" అంది. నాకు! తర్వాత ఇంకా చెప్పింది. "వాళ్ల జగడంలో వాళ్లదెంత, బయటినుంచి వచ్చిందెంత, అది విడదియ్యి. దాచుకోని బతికేవాళ్లు ఆ బరువంతా తెచ్చి ఒకరి మీద ఒకరు ఏస్తారు. వాళ్లలో మొగుడెవరు, పెండ్లామెవరు అని ఎతకబాక. పెద్దోళ్లను మాత్రం పిలవబాక. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అది వాళ్ల ఇష్టం. నీ చీటీ గీటీ ఇయ్యలేదు కదా?"

ఇవ్వలేదన్నాను.

జూలై 11

చిన్న కాగితం. బుధవారం వస్తారు కదా, అప్పుడు వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. ఎవరు చదవబోతారు.

మా ఇంట్లో అంతా బాగానే ఉంది.

జూలై 16, బుధవారం

మైమూన్ చెప్పినట్టే మొదలుపెట్టాను. "నాయనా, మీలాంటి జంటను నేను ఇంతకుముందు చూడలేదు. నా పద్ధతులు మీకు సరిపోవు. మీరు చెబుతూ ఉంటే నేర్చుకుంటాను" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు. నా ముందు వాళ్లు నవ్వడం అదే మొదటిసారి.

కాగితం మీద నిలువుగా గీత గీసి శ్రీవత్స చేతికిచ్చాను. ఈ ఏడాది పడిన జగడాలన్నీ రాయమన్నాను. ఇద్దరి మధ్యే పుట్టింది ఎడమవైపు, బయటి భయం తెచ్చింది కుడివైపు. లెక్కల అయ్యవారు కదా, నంబర్లు వేసి మరీ రాశాడు. పద్నాలుగు తేలాయి. పదకొండు కుడివైపుకు పోయాయి. బజారులో పక్కపక్కన నడవలేదని ఒకటి, ఫోన్‌లో పేరు మార్చి పెట్టుకున్నాడని ఒకటి, బస్టాండులో ఎవరో పలకరిస్తే తెలియనట్టు పక్కకు జరిగాడని ఒకటి. వీళ్లకు సొంతంగా మిగిలింది మూడు. తడి తువ్వాలు మంచం మీద వేయడం, ఆదెన్న గురక, ఆదివారం మాంసం.

"అంతేనా మామా?" అన్నాడు ఆదెన్న. ఆ కాగితాన్ని వైద్యుడు ఇచ్చిన రిపోర్టు మాదిరి చాలాసేపు పట్టుకొని కూర్చున్నాడు. కళ్లు నిండాయి. నావి కూడా.

మాంసం సంగతి అడిగాను. ఆదెన్నకు ఆదివారం యాటకూర లేకపోతే ముద్ద దిగదు. శ్రీవత్స పుట్టి బుద్ధెరిగి తినలేదు. మిద్దె మీద వేరే పొయ్యి పెట్టుకున్నారు.

"మరి మసాలా?"

"వాడే నూరతాడు మేడం" ఆదెన్న తల వంచుకున్నాడు. "నాకు ఓపిక లేదు. వాడు ముక్కుకు గుడ్డ కట్టుకోని అయినా మెత్తగా నూరిస్తాడు. వద్దంటే ఇనడు."

తాను ముట్టని కూరకు ఆరేళ్లుగా మసాలా నూరే మనిషిని నేను ఈ కళ్లతో చూశాను. ఇది రాసుకోవాలనే ఇవాళ డైరీ తెరిచాను.

చీటీ అడిగాను. "చొక్కా జేబులో ఉండాది. ఆదివారం ఊరికి పోయినప్పుడు ఆ చొక్కా ఆడే ఇడిచినా. అమ్మకు సదువు రాదులే మేడం" అన్నాడు. చీటీలో ఏముందో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

జూలై 17

రామసుబ్బమ్మకు చదువు రాదు. మంచిదే.

మంచిదే అని రాశానా నేను?

జూలై 21, సోమవారం

ఉదయం పదకొండుకు వచ్చింది. అరవై దాటిన మనిషి, ముతక చీర, చెవులకు బరువైన కమ్మలు. బెంచీ చూపిస్తే కూర్చోలేదు, గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసి నా వైపు జరిపింది. నా చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను.

"ఉతికేముందర జేబులు తడుముతా. ఇది దొరికింది. పెద్దోళ్లు రావాలని రాసినావంట గదమ్మా. వచ్చినా."

"ఎవరు చదివారమ్మా?" అని మాత్రం అడగగలిగాను.

"మా ఊర్లో సదివే పిల్లోళ్లు శానామంది ఉండారు. వాళ్లకు సూపియ్యలా. ఆటో ఎక్కి వేంపల్లెకు పోయినా. ఆడ జిరాక్సు అంగట్లో కలీం అని ఒకాయప్ప సదివి చెప్పినాడు. ఏ ఊరమ్మా అంటే చక్రాయపేట అని అబద్ధం చెప్పినా."

నేను గోప్యత మీద మూడు రోజుల శిక్షణ తీసుకున్నాను. సర్టిఫికెట్ ఆమె తల వెనక గోడకే వేలాడుతోంది. నేను ఒక చీటీ చింపి ఆ పిల్లల గుట్టు జేబులో పెట్టి పంపాను. అక్షరం ముక్క రాని ఈమె ఆ గుట్టును కొంగున కట్టుకొని, పక్క ఊరికి పోయి, తన ఊరి పేరు కూడా దాచి వచ్చింది. ఆమె ముందు కుర్చీలో కూర్చోవడానికి సిగ్గేసి నేనూ నేల మీదికి దిగాను.

"మీ అబ్బాయి విషయం నేను చెప్పకూడదమ్మా. ఆ చీటీ ఇవ్వడమే నా తప్పు" అన్నాను.

"నువ్వేం చెప్పబాక. నాకు ముందే తెలుసు. మూడేండ్ల కిందట వాళ్లింటికి పోతే యాటకూర పెట్టినాడు. మా వాడు నూరితే పలుకులు పలుకులుగా ఉంటాది మసాలా. ఆ పొద్దు ఎన్నముద్ద మాదిరి ఉండాది. ఎవురు నూరినారురా అంటే నేనే అన్నాడు. నేను ఆ అయ్యోరి పిల్లోని చేతులు సూసినా. గోళ్లల్లో పసుపు."

"మరి సంబంధం ఎందుకు చూశారు?"

"సూస్తే వాడే నోరు తెరిచి చెప్తాడని. తెరవలా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పిల్ల తరపోళ్లకు వద్దని చెప్పి పంపిచ్చినా. ఒకరి బిడ్డను తెచ్చి బాయిలో తోసేదానికి నాకు చేతులు రాలేదు. నాకేమో ఇది ఇష్టమని కాదమ్మా. ఇష్టం లేదు. రెండు దినాలు బువ్వ తినలా. కానీ నీ చీటీలో పిలిచినావు గదా, శ్రావణం పుట్టినాక బుధవారం పొద్దున వస్తా, కూర్చుందాం. మా వానికి చెప్పు."

లేచి, మెట్ల దగ్గర ఆగి అడిగింది. "ఈ చీటీలో భార్య అని రాసినావంటనే, ఎవురమ్మా అది? ఇద్దరూ మొగపిల్లోళ్లే గదా?"

పొడుగు చూసి రాశానని చెప్పలేను కదా.

జూలై 22

సాయంత్రం ఇద్దరినీ పిలిపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, గడుల సంగతితో సహా. క్షమించమన్నాను. నా ఉద్యోగంలో ఆ మాట అనడం ఇదే మొదలు.

ఆదెన్న మొహం నల్లబడింది. "ఆరేండ్లు బస్సులో తిరిగి కాపాడుకుంటిమి మేడం. మీరు ఒక చీటీతో..." శ్రీవత్స భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించాడు. "నీ మాట ఇని ఈడికి వచ్చినా సూడు, అదీ నా తప్పు." మెట్లు దిగి పోయాడు.

వాళ్లమ్మ ముప్పయ్యో తేదీ కూర్చుందామన్నదని శ్రీవత్సకు చెప్పాను, రావడం రాకపోవడం మీ ఇష్టమన్నాను. అతను తల ఊపి, నా బల్ల మీద పడి ఉన్న ఆ పద్నాలుగు జగడాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుడివైపు పన్నెండోది రాసుకున్నాడో ఏమో.

నేను విడదీసినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇప్పుడు ఉన్నారు.

జూలై 23

డైరీ వెనక్కి తిప్పి చూశాను. మా ఇంట్లో అంతా బాగానే ఉందని ఈ ఏడాదిలో నలభై సార్లకు పైగా రాశాను. బాగున్న ఇంటి గురించి ఎవరైనా ఇన్నిసార్లు రాస్తారా?

జూలై 25, శ్రావణ శుక్రవారం

శ్రీవత్స ఫోన్ చేశాడు. ఆదెన్న పులివెందులలోనే ఎవరి గదిలోనో ఉంటున్నాడు. ఇంటికి రాలేదు. "మీరు ఇల్లు ఖాళీ చేస్తారా?" అని అడిగాను.

"వాడు చెప్పకపోతే పోతానన్నా కదా మేడం. ఇప్పుడు వాళ్లమ్మకు తెలిసింది, వాడు చెప్పలేదు. ఇది ఏ లెక్కలోకి వస్తుందో నాకే తెలీడం లేదు" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

జూలై 27, ఆదివారం

మధ్యాహ్నం ఆయన పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చున్నాను. "మీకేం కావాలి?" అని అడిగాను. మధుసూదన్ గారు కళ్లద్దాలు తీసి నన్ను జ్వరం వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. వాటిని తుడిచి మళ్లీ పెట్టుకొని, "కాఫీలో చక్కెర చాలదు" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"పెళ్లైనప్పటినుంచి."

ఇరవై ఆరేళ్లు! ఈ ఇంట్లో సర్దుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను, ఆయనా నవ్వారు. తర్వాత ఆయన నన్ను అదే ప్రశ్న అడిగారు. ఆలోచించుకొని చెబుతానన్నాను.

జూలై 30, బుధవారం

వచ్చారు.

ముందు శ్రీవత్స వచ్చాడు. తర్వాత రామసుబ్బమ్మ. పదకొండున్నర దాటినా ఆదెన్న జాడ లేదు. నేను గడియారం చూడడం మానేశాక మెట్ల మీద చప్పుడైంది. పులివెందుల బస్సు దారిలో ఆగిపోయిందట. తల్లి వైపు చూడకుండా వచ్చి నిలబడ్డాడు. ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేక గది మధ్యలోనే ఉండిపోయాడు. చివరికి పోయి శ్రీవత్స పక్కన కూర్చున్నాడు. తల్లి కళ్ల ముందు. ఆ నాలుగడుగులు వేయడానికి ఆ పిల్లాడికి ఆరేళ్లు పట్టింది.

"అమ్మా" అన్నాడు. "వీడు ఊరికే తోడుకు లేడు. నేను అబద్ధం చెప్పినా."

రామసుబ్బమ్మ నేలవైపే చూస్తోంది. కాస్త సర్దుకోండమ్మా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మీకేం కావాలమ్మా?" అని అడిగాను.

"నేనొచ్చినప్పుడల్లా ఆ మంచాలు జరపబాకండి" అంది. "ఈడ్చి ఈడ్చి నేల మీద గీతలు పడినాయి. వాటిని సూసి సూసి సాలయింది నాకు."

ఆదెన్న భుజాలు కదిలాయి. శ్రీవత్స అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఈసారి విదిలించలేదు.

"ఊర్లో మాత్రం నన్నేమీ చెప్పమనబాకండి. నాకు చేతకాదు" అంది మళ్లీ, ఎవరో అడిగినట్టు కోపంగా. ఇద్దరూ తలలూపారు.

కొత్త ఫారం అచ్చు వేయించాను. గడుల్లేవు, పేర్లకు రెండు ఖాళీ గీతలు, అంతే. తీసి ఆమె ముందు పెట్టాను. పక్కకు నెట్టేసింది. "ఇది నాకెందుకు? నన్ను పిలిచింది ఆ చీటీ గదా" అని కొంగు ముడి విప్పి పాతదే పరిచింది. అడుగున పెద్దలు వేలిముద్ర వేసే చోటు రెండువైపులా ఉంటుంది. చదవడం రాకపోయినా ఇలాంటి కాగితాలు చాలా చూసిన మనిషి, ఎక్కడ ఏముంటుందో తెలుసు. ఇంకుప్యాడ్ జరిపాను. ఎడమ చేతి బొటనవేలు అద్ది, నేను చూపిన చోట కొడుకు వైపు గట్టిగా వేసింది.

వేలు పైకి తీసి రెండోవైపు చూసింది. "ఈ పిల్లోని తరపున ఎవురొచ్చినారు?"

"నాకెవరూ రారమ్మా" అన్నాడు శ్రీవత్స.

ఆమె అతని చేతులవైపు చూసింది. గోళ్లవైపే చూసిందనుకుంటాను. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు, ఎవరినీ అడగలేదు. అదే వేలు మళ్లీ ఇంకుప్యాడ్‌కు అద్ది, ఆ ఖాళీలో ఇంకో ముద్ర వేసింది.

"యాల ఇడిచిపెట్టేది ఖాళీగా" అంటూ వేలికంటిన ఇంకును తలకు తుడుచుకొని లేచింది. "ఆదీ, బస్సు ఎన్ని గంటలకురా?"

"ఈపొద్దు ఉండుమా" అన్నాడు ఆదెన్న.

ఆమె శ్రీవత్స వైపు తిరిగింది. "ఏం నాయనా, ఉండనా?"

నేను డైరీలో ఇంతకంటే ఏం రాయాలో తెలియక, వాళ్లు ముగ్గురూ మెట్లు దిగిన వరుస రాస్తున్నాను. ముందు ఆదెన్న, వెనక ఆమె. శ్రీవత్స ఆమె చెయ్యి పట్టుకొని దింపుతున్నాడు.